బియ్యం డబ్బాలో ఫోను



కిందటేడు శ్రావణ మాసంలో ఒకరోజు బడి నుంచి ఇంటికి వస్తుంటే ఉన్నట్టుండి వాన పట్టుకుంది. కాలువ గట్టు మీద నా బండి జారింది. నాకేం కాలేదు గానీ చొక్కా జేబులోని ఫోను బురదనీళ్ళలో పడింది. గబగబా తీసి తుడిచాను. పని చేస్తోందో లేదో అని అప్పుడే మీట నొక్కి చూశాను. ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. ఇంటికి రాగానే ఛార్జింగుకు పెట్టాను. లాభం లేకపోయింది. అప్పుడు పక్కింటాయన వచ్చి, "మాస్టారూ, బియ్యం డబ్బాలో పెట్టండి. తెల్లారేసరికి నీరంతా బియ్యం పీల్చేస్తుంది" అన్నాడు. పెట్టాను. ముప్ఫై ఏళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్నవాణ్ణి, "ఎందుకు?" అని ఒక్క మాటైనా అడగకుండా పెట్టాను!

తెల్లారింది. ఫోను లేవలేదు.

పోతే పోయింది, ఫోను మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ అందులో మా అమ్మ పాడిన తిరగలి పాట ఉంది. చిన్నప్పుడు కందులు విసురుతూ పాడుకునే పాట. ఒక పండగనాడు బతిమాలి పాడించి, ఫోనులో పట్టి ఉంచాను. నాలుగు నిమిషాల పాట. మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ గొంతును ఏ దుకాణంలో కొనుక్కోను?

ఆ పాట ఏమైందో చివర చెబుతాను. ముందుగా ఒక సంగతి గమనించండి. ఫోను గురించి చిట్కాలు చెప్పేవాళ్ళకు మన చుట్టూ కరువు లేదు. "రాత్రంతా ఛార్జింగు పెట్టకు", "బ్యాటరీ పూర్తిగా అయిపోయాకే ఛార్జింగు పెట్టు", "పాస్‌వర్డు మూడు నెలలకోసారి మార్చు"... వీటిలో నిజమేదో, పాత ముచ్చటేదో ఎలా తెలుసుకోవడం? దీనికి ఒకటే దారి. ప్రతి చిట్కానూ "ఎందుకు?" అని అడగాలి. కారణం తెలిస్తే చిట్కాను గుర్తు పెట్టుకోనక్కర్లేదు. మనమే తయారుచేసుకోగలం. రండి, కొన్నింటిని అలా అడిగి చూద్దాం.

తడిసిన ఫోను

బియ్యంతోనే మొదలుపెడదాం. నీళ్ళు ఫోనును ఎలా పాడుచేస్తాయి?

బడిలో చేసిన ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. స్వేదనజలంలో రెండు తీగలు ముంచి బల్బు కలిపితే వెలగదు. అందులో చిటికెడు ఉప్పు వేస్తే వెలుగుతుంది. శుద్ధమైన నీరు విద్యుత్తును సరిగా ప్రసరింపజేయదు. దానిలో కరిగిన లవణాలే ఆ పని చేస్తాయి. కాలువ నీటిలో, చెమటలో, చారులో లవణాలు ఉండనే ఉన్నాయి. ఫోను లోపల వెంట్రుకకన్న సన్నని తీగల బాటలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఈ నీరు చేరితే, ఒక బాటలో పోవలసిన విద్యుత్తు అడ్డదారిన మరో బాటలోకి దూకుతుంది. అంతేకాదు, విద్యుత్తు పారుతున్నంతసేపూ లోహం వేగంగా తుప్పు పడుతుంది.

అంటే నీటికన్న పెద్ద శత్రువు నీరూ విద్యుత్తూ కలిసిన జంట అన్నమాట. నేను చేసిన తప్పు ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. తడి ఫోనును మీట నొక్కి చూడడం మొదటి తప్పు. ఛార్జింగుకు పెట్టడం రెండో తప్పు. ఆ రెండూ చేశాక బియ్యం ఏం చెయ్యగలదు? అసలు బియ్యానికి ఫోను లోపలి నీటిని బయటికి లాగే శక్తి ఏమీ లేదు. ఆరుబయట గాలికి ఆరినట్టే ఆరుతుంది. పైగా బియ్యపు పిండి, నలుసులు రంధ్రాలలోకి దూరతాయి. ఆపిల్ కంపెనీ 2024లో తన ఫోన్లు వాడేవారికి, బియ్యంలో పెట్టవద్దని స్పష్టంగా చెప్పింది.

మరేం చెయ్యాలి? ఫోను వెలుగుతూ ఉంటే వెంటనే ఆపెయ్యాలి. పొడిగుడ్డతో తుడవాలి. ఛార్జింగు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టాలి. సిమ్ము పెట్టే పళ్ళెం తీసి, గాలి తగిలేచోట, ఫ్యాను కింద ఉంచాలి. ఒక రోజు, కుదిరితే రెండు రోజులు ఓపిక పట్టాలి. ఎండలో పెట్టకూడదు, పొయ్యి దగ్గర అసలే పెట్టకూడదు. అదెందుకో బ్యాటరీ సంగతి వచ్చినప్పుడు చూద్దాం.

ఫోనులో చోటు ఎందుకు చాలదు?

"చోటు నిండిపోయింది" అని ఫోను మొర పెట్టుకోని ఇల్లు ఈ రోజుల్లో లేదు. ఆ చోటును ఎవరు ఆక్రమించారు?

ఫోను అన్నింటినీ 0, 1 అనే రెండు గుర్తులుగానే దాచుకుంటుంది. అలాంటి ఒక గుర్తు బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. వెయ్యి బైట్లు కిలోబైటు, పది లక్షలు మెగాబైటు, వంద కోట్లు గిగాబైటు.

మన "తెలుగు" అనే మాటను చూడండి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము — మొత్తం ఆరు గుర్తులు. ప్రపంచ భాషల లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే పద్ధతి ఉంది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకూ చోటు దొరికింది. ఆ పద్ధతిలో సాధారణంగా మన గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. కాబట్టి "తెలుగు"కు 18 బైట్లు. వెయ్యి గుర్తులున్న ఒక పేజీకి 3,000 బైట్లు, అంటే 3 కిలోబైట్లు.

ఇప్పుడు అదే పేజీని ఫోటో తీశారనుకోండి. ఎంత చోటు పడుతుంది? మీ ఫోను కెమెరా 12 మెగాపిక్సెళ్ళది అనుకుందాం. అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు. గుణిస్తే 1 కోటీ 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో రాయడానికి మూడు బైట్లు. మొత్తం 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 36 మెగాబైట్లు! కానీ ఫోటో వివరాలు తెరిచి చూస్తే మూడో నాలుగో మెగాబైట్లే కనిపిస్తాయి. మిగిలినవి ఎక్కడికి పోయాయి?

ఇక్కడ ఒక చక్కని తెలివి ఉంది. ప్రార్థన సమయంలో పిల్లలు ఏ రంగు చొక్కాలు వేసుకున్నారో రాయమని హెడ్మాస్టరుగారు మీకు చెప్పారనుకోండి. "మొదటివాడు తెలుపు, రెండోవాడు తెలుపు, మూడోవాడు తెలుపు..." అని 400 సార్లు రాస్తారా? "అందరూ తెలుపే, మూడో వరసలో ఇద్దరు తప్ప" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఫోటోలో ఆకాశం ఉంటే పక్కపక్క చుక్కలన్నీ ఇంచుమించు ఒకే నీలం. అన్నింటినీ విడివిడిగా రాయడం దండగ. అందుకని ఫోను బొమ్మను ఎనిమిదేసి చుక్కల చదరాలుగా కోస్తుంది. ఒక్కో చదరంలోని రంగుల మార్పును కొన్ని అలల మొత్తంగా లెక్కగడుతుంది. మన కంటికి అంతగా ఆనని సన్నసన్న అలల వివరాలను తగ్గించేస్తుంది.

ఈ లెక్కను మొదట ఆలోచించినవారు మన దేశంలోనే పుట్టారు. బెంగళూరులో 1940లో పుట్టి అమెరికాలో పనిచేసిన నాసిర్ అహ్మద్ ఈ ఆలోచనతో 1972లో ఆర్థిక సహాయానికి దరఖాస్తు పెట్టుకున్నారు. మరీ తేలికైన ఆలోచన అని దాన్ని తోసిపుచ్చారు! ఆయన ఊరుకోలేదు. టి. నటరాజన్‌తో, కామిశెట్టి రామమోహనరావుతో కలిసి 1974లో దాన్ని ప్రచురించారు. 1992లో వచ్చిన జేపీఈజీ అనే ఫోటో పద్ధతికి అదే ప్రాణం. ఇవాళ మీ ఇంట్లో ఫోటో తీసిన ప్రతిసారీ దాదాపుగా ఆ ముగ్గురి లెక్క పనిచేస్తూనే ఉంటుంది.

సరే, ఇందులోంచి మనకు పుట్టే చిట్కాలేమిటి?

ఒకటి: 3 కిలోబైట్లెక్కడ, 3 మెగాబైట్లెక్కడ! ఒక పేజీ ఫోటో పట్టే చోటులో వెయ్యి పేజీల అక్షరాలు పడతాయి. కాబట్టి రేపటి హోంవర్కును స్నేహితుడికి పంపేటప్పుడు ఫోటో తీయకండి, అక్షరాలుగా పంపండి. టైపు చెయ్యడం బద్ధకమైతే కీబోర్డు మీది మైకు బొమ్మ నొక్కి, తెలుగును ఎంచుకుని చదవండి. అదే రాసుకుంటుంది. తప్పులు దిద్దితే చాలు. అక్షరాలకు మరో గొప్ప లాభం ఉంది. చూపులేని మీ నేస్తానికి ఫోను వాటిని బిగ్గరగా చదివి వినిపించగలదు. రేపు మీరే ఏదో ఒక మాట కోసం వెతికితే దొరుకుతాయి కూడా.

రెండు: ప్రతిసారీ బొమ్మను కుదించి దాచినప్పుడల్లా కొంత వివరం పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో అలా మరింత కుదించుకుపోతుంది. అదే ఫోటో పది చేతులు మారేసరికి మొహాలు అలుక్కుపోతాయి. మార్కుల జాబితా, పెళ్ళి ఫోటో వంటివి పంపేటప్పుడు "డాక్యుమెంటు" అనే దారిలో పంపండి. ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

మూడు: చోటును నిజంగా తినేది ఎవరో లెక్క వెయ్యండి. ఇంట్లో ఫోనుకు రోజుకు 40 శుభోదయం బొమ్మలు వస్తాయనుకుందాం. ఒక్కొక్కటి 200 కిలోబైట్లు. రోజుకు 8 మెగాబైట్లు. ఏడాదికి 2,920 మెగాబైట్లు, అంటే దాదాపు 3 గిగాబైట్లు! రోజుకు 10 మెగాబైట్ల వీడియో ఒక్కటి వచ్చినా, ఏడాదికి మరో మూడున్నర గిగాబైట్లు. వాట్సాప్ సెట్టింగులలో బొమ్మలు వాటంతటవే దిగకుండా ఆపే వీలుంది. అమ్మానాన్నలకు చెప్పి దాన్ని ఆపించండి. తుడిచేసిన ఫోటోలు చాలా ఫోన్లలో వెంటనే పోవు, చెత్తబుట్ట వంటి చోట కొన్నాళ్ళు ఉంటాయి. తుడిచినా చోటు మిగల్లేదంటే ఆ బుట్టను చూడండి.

బ్యాటరీకి పగ ఎవరితో?

"పూర్తిగా సున్నాకు వచ్చాకే ఛార్జింగు పెట్టాలి" అని మీ మామయ్య చెప్పి ఉంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, పాతకాలం మాట చెప్పాడు. ఒకప్పటి నికెల్-కాడ్మియం బ్యాటరీలకు ఆ సలహా కొంతవరకు పనికొచ్చేది. ఇప్పటి ఫోన్లలో ఉన్నవి లిథియం-అయాన్ బ్యాటరీలు. 1991లో సోనీ కంపెనీ వీటిని మొదటిసారిగా అమ్మకానికి తెచ్చింది. వీటిని రూపొందించినందుకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్ళు!

ఈ బ్యాటరీలో రెండు గట్లు ఉంటాయి. ఒకటి గ్రాఫైటు గట్టు, రెండోది లోహపు ఆక్సైడు గట్టు. ఛార్జింగు చేస్తే లిథియం అయాన్లు గ్రాఫైటు గట్టుకు చేరతాయి. ఫోను వాడుతుంటే తిరిగి వస్తాయి. రోజూ రేవు దాటే పడవలాగ అన్నమాట. అయితే ప్రతి ప్రయాణంలోనూ కొంచెం లిథియం పక్కచర్యలలో చిక్కుకుని ఉండిపోతుంది. బ్యాటరీ ముసలిదవడం అంటే ఇదే. ఈ పక్కచర్యలను వేగవంతం చేసేది ఏమిటి? రసాయనచర్యలన్నింటికీ మీకు తెలిసిన జవాబే: వేడి. దానికి తోడు, పూర్తిగా నింపి ఎక్కువకాలం అలాగే ఉంచడం.

ఇక చిట్కాలు మీరే చెప్పగలరు. ఎండలో నిలబెట్టిన బండి పెట్టెలో ఫోను వదలకూడదు. దిండు కింద పెట్టి ఛార్జింగు చెయ్యకూడదు. వేడి బయటికి పోదు. ఛార్జింగులో ఉండగా ఆటలు ఆడకూడదు, రెండు వేడులు కలుస్తాయి. రోజూ 20 శాతానికీ 80 శాతానికీ మధ్య తిరిగేలా చూసుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది. మరి రాత్రంతా ఛార్జింగులో ఉంటే పేలుతుందా? మంచి ఫోనులో, మంచి ఛార్జరుతో ఆ భయం లేదు. నిండగానే ఆపే ఏర్పాటు లోపలే ఉంది. అయితే నిండుగా ఉండే గంటలు పెరుగుతాయి, అంతే. 80 శాతం దగ్గర ఆపమని చెప్పే వీలు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఒకటి మాత్రం మరవకండి. బ్యాటరీ ఉబ్బి, ఫోను వీపు పైకి లేస్తే దాన్ని నొక్కడం, గుచ్చడం ప్రమాదం. ఆపేసి పెద్దలకు చెప్పండి.

ఇంకో ప్రశ్న. రైలులో నల్లమల అడవి దాటుతున్నప్పుడు ఫోను ముట్టుకోకపోయినా బ్యాటరీ ఎందుకు కరిగిపోతుంది? పక్కన కూర్చున్నవాడితో మెల్లగా మాట్లాడతాం. చేనుకు అవతలి గట్టున ఉన్నవాడిని పిలవాలంటే అరవాలి. ఫోనూ అంతే. టవరు దూరమైనకొద్దీ మరింత బలంగా తరంగాలు పంపుతుంది. టవరు దొరక్కపోతే మళ్ళీమళ్ళీ వెతుకుతుంది. సిగ్నలు లేని దారిలో విమానం బొమ్మ నొక్కి ఉంచండి. అరుపులు ఆగిపోతాయి.

తాళానికి ఎన్ని పళ్ళు?

ఇప్పుడు కొంచెం లెక్కలు. నాలుగు అంకెల పిన్ను ఎన్ని రకాలుగా పెట్టవచ్చు? 10×10×10×10. పదివేలు. ఫోను చేతబట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేవాడికి అది పెద్ద సంఖ్యే. నాలుగైదు తప్పులు కాగానే ఫోను కాసేపు ఆగమంటుంది కూడా. కానీ దొంగ ఏదో కంపెనీ కంప్యూటరులోంచి పాస్‌వర్డుల గుప్త జాబితాను ఎత్తుకుపోయాడనుకోండి. వాడిని ఆగమనేవారు లేరు. వాడి యంత్రం సెకనుకు 100 కోట్ల పాస్‌వర్డులను ప్రయత్నిస్తుందని అనుకుందాం.

ఇంగ్లీషు చిన్నక్షరాలు 26. గుడ్డిగా ఎంచిన ఎనిమిది అక్షరాల పాస్‌వర్డులు 26ను ఎనిమిదిసార్లు గుణించినన్ని, అంటే 20,882 కోట్లకు పైగా. చాలా ఎక్కువే అనిపిస్తుంది. వాడికి అవన్నీ అయిపోవడానికి మూడున్నర నిమిషాలు చాలు! అదే 12 అక్షరాలైతే? మూడేళ్ళు. 16 అక్షరాలైతే? 13 లక్షల సంవత్సరాలకు పైన. చూశారా! ఒక్కొక్క అక్షరం చేర్చినప్పుడల్లా దొంగ పని 26 రెట్లవుతుంది. పాస్‌వర్డు బలం దాని పొడవులోనే ఎక్కువగా ఉంది.

"16 అక్షరాలు ఎలా గుర్తుంటాయి మాస్టారూ?" అంటారు మీరు. అక్షరాలు వద్దు, మాటలు తీసుకోండి. 7,776 మాటల జాబితా ఒకటి పెట్టుకుని, ఐదుసార్లు పాచిక వేసి ఒక మాట చొప్పున ఎంచే పద్ధతి ఉంది. 7,776 ఏమిటా అనుకుంటున్నారా? ఆరును ఐదుసార్లు గుణించి చూడండి. అలా ఎంచిన ఐదు మాటలను అన్నివిధాలా ప్రయత్నించడానికి ఆ యంత్రానికే సుమారు 900 ఏళ్ళు పడుతుంది. "గుమ్మడి, రైలు, చందమామ, సున్నం, పీట" — రైలెక్కిన గుమ్మడికాయ చందమామ మీద దిగి, సున్నం కొట్టిన పీట మీద కూర్చుంది! మరిచిపోమన్నా మరిచిపోరు. అయితే ఈ ఐదింటినే పెట్టుకోకండి, ఇప్పుడిది అందరికీ తెలిసిపోయింది. సామెత, పాట పల్లవి, పుట్టినరోజు, తమ్ముడి పేరు కూడా వద్దు. దొంగ ముందు ప్రయత్నించేవి అవే.

మూడు నెలలకోసారి మార్చాలా? మార్చమని తరచు బలవంతపెడితే జనం చివర ఉన్న 1ని 2 చేసి ఊరుకుంటారు. దాంతో లాభమేముంది? ఎవరికో తెలిసిపోయిందని అనుమానం వస్తే వెంటనే మార్చాలి. అంతకన్న ముఖ్యమైనది, ఒకే పాస్‌వర్డును అన్నిచోట్లా వాడకపోవడం. ఇంటికీ బీరువాకూ కొట్టుకూ ఒకే తాళంచెవి ఉంటే, అది పోయిన రోజున అన్నీ పోయినట్టే కదా!

హుండీకి తాళంచెవి

మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన పాత సైకిలు అమ్మకానికి పెట్టాడు. ఎవరో ఫోను చేసి బేరమాడకుండా ఒప్పుకున్నాడు. "డబ్బు పంపుతున్నాను. ఈ క్యూఆర్ గుర్తు స్కాను చేసి మీ పిన్ను కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది" అన్నాడు. ఆయన కొట్టాడు. డబ్బు పడలేదు. ఖాతాలో ఉన్న 4,500 రూపాయలు పోయాయి. ఆ నెల ఆ ఇంట్లో పిల్లవాడి ఫీజుకు దాచిన డబ్బు అది.

ఆయనకు ఒక్క సూత్రం తెలిసి ఉంటే సరిపోయేది. గుడిలో హుండీ చూశారు కదా. డబ్బు వెయ్యడానికి తాళంచెవి కావాలా? అక్కర్లేదు. తియ్యడానికే కావాలి. 2016లో మన దేశంలో మొదలైన యూపీఐ చెల్లింపుల్లో పిన్ను ఆ తాళంచెవి. డబ్బు రావడానికి పిన్ను ఎన్నడూ అక్కర్లేదు. ఎవరైనా "డబ్బు పంపుతాను, పిన్ను కొట్టు" అన్నారంటే, హుండీ పగలగొట్టడానికే వచ్చారని అర్థం.

ఓటీపీ కూడా ఇలాంటిదే. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులుంటాయి. ఒకటి మీ దగ్గర, ఒకటి బ్యాంకులో. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. పాస్‌వర్డు మీకు తెలిసిన విషయం, ఓటీపీ మీ చేతిలో ఉన్న ఫోనుకు వచ్చే సంఖ్య. పాస్‌వర్డు దొంగిలించినవాడికి రెండో తాళంచెవి దొరకదు, మీరుగా చదివి చెబితే తప్ప! అందుకే బ్యాంకు నుంచి అన్నా, పోలీసు అన్నా, ఫోనులో ఓటీపీ చెప్పకూడదు. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం" అని వీడియోలో బెదిరించేవారూ ఉన్నారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యమని ఇంట్లో చెప్పండి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పారిపోకముందే ఆపాలంటే ప్రతి నిమిషమూ విలువైనదే.

పాట ఏమైంది?

ఇక నా పాట సంగతి. ఫోను పోయిన వారం తరువాత విశాఖలో చదువుకుంటున్న మా తమ్ముడి కూతురికి ఫోను చేసి నా గోడు చెప్పుకున్నాను. "పెదనాన్నా, నాన్నమ్మ పాట నాకు పంపావుగా, మరిచిపోయావా?" అంది. నిజమే, ఆ పండగనాడే పంపాను. అరగంటలో పాట నా దగ్గరికి తిరిగి వచ్చింది. తెలివితో కాదు, అదృష్టంతో.

అదృష్టాన్ని నమ్ముకోకుండా ఏం చెయ్యాలి? ఇక్కడా కారణమే దారి చూపుతుంది. ఒక యంత్రం ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. రెండు యంత్రాలు ఒకేరోజు పాడవడం అరుదు. అయితే రెండూ ఒకే ఇంట్లో ఉంటే, ఒకే వరద, ఒకే దొంగ రెండింటినీ తీసుకుపోవచ్చు. అందుకే కంప్యూటరు పనివాళ్ళు "3-2-1" అనే సూత్రం పాటిస్తారు. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలలో, ఒకటి మరో చోట. ఫోనులో ఒకటి, ఇంట్లోని పెన్‌డ్రైవులో ఒకటి, ఊళ్ళో లేని పిన్నిగారి దగ్గరో ఇంటర్నెట్‌లోని ఖాతాలోనో ఒకటి. కానీ జాగ్రత్త. కొన్ని ఇంటర్నెట్ ఖాతాలు ఫోనుతో జతకట్టి ఉంటాయి. ఇక్కడ తుడిస్తే అక్కడా చెరిగిపోతుంది. జత కలిసి నడిచేది ప్రతి కాదు, నీడ. నీడను నమ్ముకోకండి.

అన్నట్టు, ఆ నాలుగు నిమిషాల పాట పరిమాణం చూశాను. రెండు మెగాబైట్లు కూడా లేదు! ఒక ఫోటోకన్న తక్కువ. మూడు చోట్ల దాచడానికి నాకు పట్టిన సమయం ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు ముందే వెచ్చించి ఉంటే, ఆ వారం రోజులు నిద్ర పట్టక దొర్లేవాణ్ణి కాదు.

మీరే చేసి చూడండి

1. ఇంట్లో పెద్దల అనుమతితో ఫోను సెట్టింగులలో "స్టోరేజి" తెరవండి. ఫోటోలు, వీడియోలు, యాప్‌లు ఎంతెంత చోటు తీసుకున్నాయో కాగితం మీద రాయండి. శుభోదయం బొమ్మల లెక్క మీ ఇంటికి ఎంతో కట్టండి.

2. ఒక పేరా టైపు చేసి దాచండి. అదే పేరాను కాగితం మీద రాసి ఫోటో తీయండి. రెండింటి పరిమాణం పోల్చండి. ఎన్ని రెట్లు తేడా?

3. చిన్నక్షరాలతో పాటు పెద్దక్షరాలు, అంకెలు కూడా వాడితే ఒక్కో స్థానానికి 62 గుర్తులు. ఎనిమిది స్థానాల పాస్‌వర్డుకు మన దొంగ యంత్రానికి ఎంతకాలం పడుతుంది? దాన్ని 12 చిన్నక్షరాలతో పోల్చండి. ఏది గట్టిది?

4. ఇది అన్నింటికన్న ముఖ్యం. మీ తాతయ్యనో నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, వాళ్ళకు వచ్చిన పాటో కథో చిన్ననాటి ముచ్చటో ఫోనులో పట్టండి. ఆ రాత్రే దాన్ని మూడు చోట్ల దాచండి. రేపు చేద్దామనుకోకండి. నేను అలాగే అనుకున్నాను!